ఆ బోర్ల రీడింగు ఆగకూడదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో సైబీరియా మంచు కింద వేల ఏళ్లుగా నిద్రపోతున్న వైరస్‌ల గురించి అరపేజీ వేశారు. బొమ్మ బాగుంది, హెడ్డింగ్ ఇంకా బాగుంది, మా మనవడు అది చదివి రాత్రంతా లైటు ఆర్పనివ్వలేదు. అబద్ధం రాశారని నేననను. 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన మట్టిలోంచి ఒక వైరస్‌ను బతికించామని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన మాట నిజమే, కాకపోతే అది అమీబాలకు సోకేది, మనుషులకు కాదు, ఆ ముక్క మీరు చిట్టచివరి లైన్లో పెట్టారు. 2016లో సైబీరియాలోనే యమల్ ప్రాంతంలో ఆంత్రాక్స్ అనే పశువుల జబ్బు వచ్చి 12 ఏళ్ల పిల్లవాడు చనిపోవడం, రెండు వేలకు పైగా రెయిన్‌డీర్లు చావడం కూడా జరిగినవే. నా బాధ అది కాదు. ఆ నేల అసలు ఎంత వేడెక్కింది, ఆ సంగతి ఎవరు కొలుస్తున్నారు, దేంతో కొలుస్తున్నారు, ఆ కొలిచేవాళ్లకు నాలుగేళ్లుగా ఏ ఇబ్బంది వచ్చి పడింది అన్నది అరపేజీలో ఒక్క వాక్యం కూడా లేదు. వైరస్ కంటే పెద్ద వార్త అదే. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా వేస్తారని ఆశ.

నాకెందుకింత పట్టింపు అంటే, ముప్పై ఏళ్లకు పైగా రాయలసీమలో బోర్లలో నీటి మట్టం కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పని చూడ్డానికి ఏమీ ఉండదు. టేపు చివర చిన్న లోహపు ముక్క ఉంటుంది, కేసింగ్ పైపులోంచి మెల్లగా కిందికి వదులుతాం, నీళ్లు తగలగానే పైన కీచుమని మోగుతుంది, అక్కడ మీటర్లు చూసి రాసుకుంటాం. ప్రతి నెలా అదే బోరు, అదే పైపు అంచు. ఆ అంచు దగ్గరే ఉంది కిటుకంతా. నేను పైపు అంచు నుంచి కొలిచి, నా తర్వాత వచ్చినాయన నేల మట్టం నుంచి కొలిస్తే అర మీటరు తేడా వస్తుంది, కాగితం మీద చూసినవాళ్లు వాన పడి నీళ్లు పెరిగాయనుకుంటారు. ఒక ఊళ్లో నా రిజిస్టర్లో 14 నెలలు ఖాళీగా ఉండిపోయాయి. సౌండర్, అంటే ఆ మోగే టేపు, పాడైంది, కొత్తది కావాలని రాశాను, ఫైలు ఎక్కడ కూర్చుందో ఎవరూ చెప్పలేదు. ఖాళీ గడుల్లో పోయినేటి అంకెలే కాస్త అటూ ఇటూ చేసి నింపెయ్యమని ఒకరు సలహా కూడా ఇచ్చారు. నేను నింపలేదు. ఐదేళ్ల తర్వాత ఆ ఊరి చెరువు నిండడం వల్ల చుట్టుపక్కల బోర్లకు లాభం జరిగిందా లేదా అని తగాదా వచ్చింది. చెరువు నిండింది సరిగ్గా ఆ 14 నెలల్లోనే! ఇప్పుడు ఎన్ని లక్షలు ఖర్చుపెట్టినా ఆ రీడింగులు రావు. వాన వెనక్కి వెళ్లి మళ్లీ కురవదు కదా.

పెర్మాఫ్రాస్ట్ సంగతి కూడా అచ్చం ఇంతే. వరసగా రెండేళ్లు, అంతకంటే ఎక్కువ కాలం సున్నా డిగ్రీలు దాటకుండా ఉన్న నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. మంచుగడ్డ అనుకుంటారు గానీ కాదు, మట్టి, రాయి, ఇసుక, వాటి సందుల్లో ఐసు. పైన అర మీటరో మీటరో ఎండాకాలంలో కరిగి చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది, కింద ఉన్నది అలాగే ఉంటుంది, ఉండాలి. అందులో ఎప్పటెప్పటి చెట్లూ గడ్డీ కుళ్లకుండా ఉండిపోయి సుమారు 1,50,000 కోట్ల టన్నుల కార్బన్ ఉందని లెక్క, గాలిలో ఉన్నదానికి రెట్టింపు దాకా. ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతే లోపలున్నవి ఎంతసేపు ఆగుతాయో మనకు తెలుసు. ఇక్కడ ఫ్రిజ్ ఆగిపోలేదు, నెమ్మదిగా వేడెక్కుతోంది, అందుకే చెయ్యి పెట్టి చూస్తే తెలియదు, థర్మామీటరు కావాలి.

ఈ థర్మామీటరు కథ బోరు కథతోనే మొదలైందంటే నమ్ముతారా? సైబీరియాలోని యాకుత్స్క్‌లో 1828లో షెర్గిన్ అనే ఒక వ్యాపార సంస్థ ఉద్యోగి నీళ్ల కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. మనవాళ్లు బోరు వేసి నీళ్లు పడక ఇంకో వంద అడుగులు, ఇంకో వంద అడుగులు అని అప్పులు చేస్తారే, అలా కిందికి పోతూనే ఉన్నాడు. ఎంత తవ్వినా గడ్డకట్టిన మట్టే. విసిగి ఆపేద్దామనుకుంటే శాస్త్రం తెలిసినవాళ్లు ఆపొద్దు, లోతు ఎంతో చూద్దాం అన్నారట. 1837 నాటికి 116 మీటర్లు దిగాడు, నీటి చుక్క లేదు. తర్వాత 1840ల్లో మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త వచ్చి ఆ బావి గోడల్లో వేర్వేరు లోతుల్లో వేడి కొలిచాడు. నేల అంత లోతుదాకా గడ్డకట్టి ఉంటుందని యూరప్ పండితులు నమ్మింది అప్పుడే. ప్రపంచంలో అతి ప్రసిద్ధమైన డ్రై బోరు అదే అని నేను మావాళ్లతో అంటుంటాను.

ఇప్పుడు చేసేదీ దానికి తమ్ముడే. సన్నటి బోరు వేస్తారు, తీగ మీద వరసగా థర్మిస్టర్లు, అంటే వేడి కొలిచే చిన్న సెన్సర్లు, కట్టి దింపుతారు, ఎంతెంత లోతులో ఎంత వేడి ఉందో ఏళ్ల తరబడి రాసుకుంటారు. దింపే ముందు ఐసు ముక్కలూ నీళ్లూ కలిపిన పాత్రలో ముంచి సరిగ్గా సున్నా చూపిస్తోందో లేదో చూస్తారు. నేలలో పది ఇరవై మీటర్ల కింద చలికాలం ఎండాకాలం తేడా చేరదు, అక్కడ వేడి మారిందంటే ఋతువు మారి కాదు, వాతావరణమే మారి. పై పొర ఎంత కరిగిందో చూడ్డానికి ఇంకా మోటు పద్ధతి ఉంది, నాకు బాగా నచ్చింది. వంద మీటర్లు పొడవు వంద మీటర్లు వెడల్పు గల నేలను పది మీటర్లకొకటి చొప్పున గళ్లు గీసి, 121 చోట్ల, ఎండాకాలం చివర్లో, ఇనుప కడ్డీ గుచ్చుతారు. గట్టిగా తగిలి ఆగేదాకా. అంతే. ఎంత దిగిందో రాసుకుంటారు. ఏటా అదే చోట, అదే రోజుల్లో, అదే పద్ధతి. 1991 నుంచి ఈ కడ్డీ పని 200కు పైగా చోట్ల జరుగుతోంది, అలాస్కాలో గుచ్చేవాళ్లకూ సైబీరియాలో గుచ్చేవాళ్లకూ ఒకే రూలు, అందుకే ఒకరి అంకె పక్కన ఇంకొకరి అంకె పెట్టి చూడొచ్చు. నా పైపు అంచు గుర్తుందా? అదన్నమాట.

ఇక్కడ అంతర్జాతీయ సహకారం అనే పెద్దమాట వస్తుంది, మామూలుగా ఆ మాట వింటే నాకు సూట్లు, కాన్ఫరెన్సు హాళ్లు, మధ్యాహ్నం భోజనాలు గుర్తొస్తాయి, కానీ ఈ విషయంలో అది నిజంగా కడ్డీ, తీగ, రిజిస్టరు. పెర్మాఫ్రాస్ట్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 1963లో అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో జరిగింది. రెండోది 1973లో ఎక్కడనుకున్నారు? అదే యాకుత్స్క్‌లో. ఒకళ్ల మీద ఒకళ్లు క్షిపణులు గురిపెట్టుకుని కూర్చున్న రోజుల్లో అమెరికా వాళ్లు సైబీరియా వెళ్లి షెర్గిన్ బావి ఊళ్లో కూర్చుని లెక్కలు పంచుకున్నారు. 1983లో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో అంతర్జాతీయ పెర్మాఫ్రాస్ట్ సంఘం పెట్టుకున్నప్పుడు వ్యవస్థాపకులు నలుగురు: అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, చైనా. 1999లో బోర్లన్నిటినీ ఒక నెట్‌వర్క్ కిందికి తెచ్చారు. 2007-09 అంతర్జాతీయ ధ్రువ సంవత్సరంలో వీలైనన్ని చోట్ల ఒకే కాలంలో రీడింగ్ తీశారు, ఒక గ్రూప్ ఫొటో లాగా. ఆ తర్వాతి ఏళ్ల రీడింగులతో కలిపి చూసిన ఫలితం 2019లో వచ్చింది. 2007 నుంచి 2016 వరకు ప్రపంచం మొత్తం మీద పెర్మాఫ్రాస్ట్ సగటున 0.29 డిగ్రీలు వేడెక్కింది.

0.29 అంటే చాలామందికి నవ్వొస్తుంది. మన కర్నూలులో పొద్దున్నుంచి మధ్యాహ్నానికి పదిహేను డిగ్రీలు మారుతుంది కదా అంటారు. అది గాలి. ఇది పది మీటర్ల లోతున ఉన్న నేల, అంత అంకె తేల్చడానికి ఏ ఒక్క దేశం బోర్లూ సరిపోవు, పదేళ్లకు తక్కువైతే అసలు తేలదు. పైగా ఇందులో ఒక మాయ ఉంది. గ్లాసులో ఐసు ముక్కలు వేసి చూడండి, ఐసంతా కరిగేదాకా నీళ్ల వేడి సున్నా దగ్గరే నిలబడిపోతుంది, వచ్చిన వేడంతా కరిగించడానికే సరిపోతుంది. నేలలోనూ అంతే. బాగా చల్లగా ఉన్న నేల గబగబా వేడెక్కుతుంది, మైనస్ అర డిగ్రీ దగ్గరున్న నేల మాత్రం కదలకుండా కూర్చున్నట్టు కనిపిస్తుంది, కానీ లోపల ఐసు నీరవుతూ ఉంటుంది. పైనున్న ఇల్లు వంగేదాకా థర్మామీటరు ఒక్కటే చూసుకున్నవాడు అంతా బాగుందనుకుంటాడు. అందుకే థర్మామీటరూ కావాలి, కడ్డీ కావాలి, నేల ఎంత కుంగిందో లెక్కా కావాలి, అన్నీ ఒకే చోట ఏళ్ల తరబడి కావాలి. ఉపగ్రహం ఉందిగా అంటారు. ఉపగ్రహం నేల పైభాగం చూస్తుంది, కింద పది మీటర్లలో ఏముందో దానికి కనబడదు, లెక్క కట్టి చెబుతుంది, ఆ లెక్క ఒప్పో తప్పో చూడాలంటే మళ్లీ బోరు దగ్గరికే రావాలి.

ఇక అసలు తగువు. ఆర్కిటిక్ అంటే ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ప్రాంతం, అక్కడి ఎనిమిది దేశాల కూటమి ఆర్కిటిక్ కౌన్సిల్. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం వల్ల అందులో ఏడు దేశాలు ఎనిమిదోదైన రష్యాతో పని ఆపేశాయి. ఎందుకు ఆపేశారో నాకు అర్థమవుతుంది, దాన్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, దాడి చేసినవాడితో టీ తాగాలని ఎవరికుంటుంది. కానీ రష్యా నేలలో దాదాపు 65 శాతం పెర్మాఫ్రాస్టే, ఉత్తరార్ధగోళంలో ఉన్నదాంట్లో సగం దాకా వాళ్ల దగ్గరే. పడమటి దేశాల డబ్బుతో నడిచే పనులు ఆగాయి, మనుషుల రాకపోకలు ఆగాయి, లెక్కలు పంచుకోవడం సన్నబడింది. రష్యా స్టేషన్లు తీసేసి చూస్తే ఆర్కిటిక్ బొమ్మ ఎంత వంకరపోతుందో 2024 జనవరిలో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో ఒక అధ్యయనం లెక్కగట్టి చూపించింది. అసలే అంతంత మాత్రంగా ఉన్న బొమ్మ, అందులో సైబీరియా మొత్తం చించేసినట్టు. రష్యా తన పని తాను చేసుకుంటోంది, 140 చోట్ల సొంత పరిశీలన కేంద్రాలు పెడతామని ప్రకటించింది, మంచిదే. కానీ వాళ్ల రిజిస్టరు వాళ్ల బీరువాలో, వీళ్ల రిజిస్టరు వీళ్ల బీరువాలో ఉంటే, అంచు ఎక్కడ నుంచి కొలిచారో ఎవరికి తెలుసు?

లెక్క లేకపోతే ఏమవుతుందో చూడాలంటే సైబీరియాలోని నోరిల్స్క్ ఊరు చాలు. 2020 మే 29న అక్కడ డీజిల్ ట్యాంకు కూలి 20,000 టన్నులకు పైగా డీజిల్ నేల మీదికీ నదిలోకీ పోయింది. నేల కరిగి కుంగింది, మేమేం చేస్తాం అన్నట్టు కంపెనీ మొదట్లో మాట్లాడింది. డిజైన్లోనే, కట్టడంలోనే లోపాలున్నాయని తనిఖీ అధికారులు తర్వాత తేల్చారు. ట్యాంకు పునాది కింద ఏళ్ల తరబడి వేడి రీడింగు రాసి అందరికీ కనబడేలా పెట్టి ఉంటే ఈ వాదన ఒక పూటలో తేలేది. కరుగుతున్న నేల మీద తప్పు నెట్టెయ్యడం ఇక మీదట ఎక్కువవుతుంది, చూస్తూ ఉండండి.

లెక్క ఆపేస్తే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. 2017లో డోక్లాం దగ్గర చైనాతో సరిహద్దు గొడవ జరిగిన వానాకాలంలో ఆ దేశం బ్రహ్మపుత్ర నీటి లెక్కలు మనకు పంపలేదు, మరుసటి ఏడు మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఒక్క వానాకాలం అస్సాంలో ఉన్నవాళ్లకు ఎంత టెన్షనో ఊహించుకోండి. అంతెందుకు, కృష్ణా మీద ఎవరు ఎన్ని నీళ్లు తీసుకుంటున్నారో కొలిచే టెలిమెట్రీ పరికరాల కోసం మన రెండు రాష్ట్రాలు ఎన్నేళ్లుగా వాదులాడుకుంటున్నాయో మీ పేపర్లోనే చదువుతున్నాం, మనం ఇంకొకరికి నీతి చెప్పే పరిస్థితిలో లేం లెండి.

ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర నేల కరిగితే మనకేంటి అని అడిగేవాళ్లు ఉంటారు, మా వాకింగ్ బ్యాచ్‌లో ఇద్దరు అడిగారు కూడా. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ నుంచి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు వేల రకాలు నార్వేలోని స్వాల్‌బార్డ్ కొండలో దాచి ఉన్నాయి. యుద్ధమో కరువో వచ్చి ఇక్కడి నిల్వలు పోతే అక్కడివి తెచ్చుకోవాలని. ఆ గిడ్డంగిని మిషన్లతో మైనస్ 18లో ఉంచుతారు, కరెంటు పోయినా చుట్టూ ఉన్న గడ్డకట్టిన కొండే కాపాడుతుందని ధైర్యం. 2016 అక్టోబరులో వానా కరిగిన నీరూ కలిసి ఆ సొరంగం మొదట్లోకి వచ్చేశాయి. విత్తనాల దాకా రాలేదు, మధ్యలోనే గడ్డకట్టాయి, తర్వాత నార్వే ప్రభుత్వం బోలెడు ఖర్చుపెట్టి సొరంగం మళ్లీ కట్టించింది. అదే స్వాల్‌బార్డ్‌లో యాన్సన్‌హాగెన్ అనే చోట 1998లో యూరప్ దేశాలు కలిసి వేసిన 102 మీటర్ల బోరు ఉంది, అక్కడి రీడింగు ఏటా పైకే పోతోంది. మన కంది గింజ కాపలాదారు ఆరోగ్యం ఎలా ఉందో చెప్పే థర్మామీటరు అది. మనకేంటి అన్న పెద్దమనిషి సంగటీ పప్పూ తినే మాట్లాడుతున్నాడు.

ఇంకోటి. బోరులో థర్మామీటరు దించి పాతకాలపు వేడి చదవడం హైదరాబాద్‌కు కొత్త విద్య కాదు. అక్కడి భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు అమెరికాలోని యూటా యూనివర్సిటీ వాళ్లతో కలిసి మన దేశంలోని బోర్ల రీడింగులు తీసి, 150 ఏళ్లలో ఇక్కడి నేల దాదాపు 0.9 డిగ్రీ వేడెక్కిందని 2002లోనే ప్రచురించారు. అదే ఊళ్లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉంది, అక్కడి సునామీ కేంద్రం హెచ్చరికలు హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ వెళతాయి, ఎవరితో గొడవ ఉందో ఎవరితో లేదో చూసి పంపరు. సముద్రాల వేడి కొలిచే ఆర్గో తేలియాడే పరికరాల లెక్కలు సముద్రం మీదనుంచి వచ్చీ రాగానే ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు. సముద్రానికి చేసిన పని నేలకు ఎందుకు చెయ్యలేం?

మన హిమాలయాల్లో ఎత్తైన చోట్ల, లద్దాఖ్‌లో, స్పితిలో, సిక్కింలో పెర్మాఫ్రాస్ట్ ఉంది. అక్కడ లోతుగా బోరు వేసి ఏళ్ల తరబడి చదివిన రీడింగులు చాలా తక్కువ. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలో సౌత్ లోనాక్ సరస్సు పక్కన గడ్డకట్టిన మట్టిగుట్ట, కోటిన్నర ఘనపు మీటర్ల దాకా, ఒక్కసారిగా సరస్సులోకి జారింది. అల లేచింది, కట్ట తెగింది, చుంగ్‌థాంగ్ దగ్గర 1200 మెగావాట్ల తీస్తా-3 డ్యామ్ కొట్టుకుపోయింది, పదుల మంది చనిపోయారు, ఇంకా చాలామంది ఆచూకీ లేదు. తర్వాత చాలా దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఉపగ్రహ చిత్రాలూ భూకంప కేంద్రాల రికార్డులూ పెట్టుకుని ఏ నిమిషానికి ఏం జరిగిందో తేల్చి 2025 జనవరిలో ప్రచురించారు. పోయాక కలిశారు. ఆ గుట్టలో ముందే నాలుగు థర్మిస్టర్ తీగలు ఉండి ఉంటే ప్రమాదం ఆగేదని నేను చెప్పను, అంత ధైర్యం లేదు, కానీ ఏ గుట్ట వైపు చూడాలో తెలిసేది.

నేనడిగేది చిన్నవే. భారత్ 2013 నుంచి ఆర్కిటిక్ కౌన్సిల్లో పరిశీలక హోదాలో ఉంది, 2008 నుంచి స్వాల్‌బార్డ్‌లో హిమాద్రి పరిశోధన స్టేషను నడుపుతోంది, 2022లో ఆర్కిటిక్ విధానం కూడా ప్రకటించింది. మాస్కోతోనూ ఆస్లోతోనూ మాట్లాడగల దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో మనం ఒకళ్లం. రష్యా రీడింగులు, పడమటి రీడింగులు ఒకే ఫార్మాట్లో పెట్టడానికి మనం మధ్యలో ఒక బల్ల వెయ్యొచ్చు. రాజకీయం మాట్లాడక్కర్లేదు, ఏ లోతులో ఎంత, ఏ తారీఖున, ఏ సెన్సరుతో, అంతే. 2032-33లో మళ్లీ అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం జరగబోతోంది, అప్పుడు గ్రూప్ ఫొటో తియ్యాలంటే ఇప్పటి నుంచే మనుషులు నిలబడి ఉండాలి. స్పితిలో 13,500 అడుగుల ఎత్తున మన హిమాంశ్ పరిశోధన స్టేషను ఉంది, దాని చుట్టుపక్కలా లద్దాఖ్‌లోనూ పది బోర్లు వేసి, ముప్పై ఏళ్లకు సరిపడా డబ్బు ముందే పక్కన పెట్టండి. ముప్పై ఏళ్లు అని ఎందుకంటున్నానంటే మూడేళ్ల ప్రాజెక్టు కింద వేసిన బోరు నాలుగో ఏడు ఏమవుతుందో నాకు తెలుసు. మూత పోతుంది, పిల్లలు రాళ్లు వేస్తారు, ఐదో ఏడు కొత్త ప్రాజెక్టు వచ్చి పక్కనే ఇంకో బోరు వేస్తుంది.

మీకూ ఒక మాట. మీ పేపర్లో రోజూ శ్రీశైలం, సాగర్ నీటి మట్టాలు చిన్న పట్టీలో వేస్తారు, పొద్దున్నే మొదట అదే చూసే రైతులు మా వైపు చాలామంది ఉన్నారు. వైరస్‌ల అరపేజీ వెయ్యండి, కాదనను. ఏడాదికోసారి, సెప్టెంబరులో కడ్డీలు గుచ్చే పని అయ్యాక, ఆ పట్టీ పక్కన రెండంగుళాల చోటిచ్చి యాకుత్స్క్, అలాస్కా, స్వాల్‌బార్డ్, లద్దాఖ్ అని నాలుగు పేర్లు రాసి, ఎదురుగా పోయినేటి అంకె, ఈ ఏటి అంకె వెయ్యండి. ఏదైనా చోట రీడింగు రాకపోతే ఆ గడి ఖాళీగానే వదిలెయ్యండి, పక్కన ఎందుకు రాలేదో ఒక్క ముక్క రాయండి. నింపొద్దు.

ఇట్లు,
బోర్లు కొలిచి రిటైరైన మీ పాత పాఠకుడు,
రాయలసీమ